రిపోర్టులో అన్నీ సున్నాలే అక్కా, ఈ వారం నేను చేసింది సేవేనా?

అక్కతో మాట: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాలు, వాట్సాప్ మెసేజ్‌లు చూస్తే ఎక్కువ భాగం ఫీల్డ్‌లో, అంటే ఊళ్ళల్లో మిషన్ సేవలో ఉన్న పిల్లలవి, వాళ్ళ ఇళ్ళల్లో వాళ్ళవీను. అందుకని పెళ్ళి సంబంధాలు, ఆస్తి తగాదాల ప్రశ్నలు వచ్చే నెలకి పెట్టేసి ఈసారి మొత్తం వీళ్ళకే ఇచ్చేస్తున్నా. మొదటి ఉత్తరం బాగా పొడుగు, ఐనా కొయ్యబుద్ధి కాలేదు, పేరూ ఊరూ మాత్రం తీసేశా.

ప్రశ్న: వందనాలు అక్కా. నాకు 23 ఏళ్ళు, మాది భీమవరం దగ్గర పల్లెటూరు. డిగ్రీ అయ్యాక బైబిల్ ట్రైనింగ్ చేసి ఇప్పుడు పాడేరు ఏజెన్సీలో ఒక అన్నతో కలిసి పరిచర్య చేస్తున్నా. ప్రతి సోమవారం మేము వారం రిపోర్ట్ పంపాలి. పోయిన వారం ఎలా గడిచిందో వరసగా చెప్తా, మీరే చెప్పండి.

సోమవారం సంతకెళ్ళి బియ్యం, పప్పు, ఉప్పుచేప తెచ్చుకున్నాం, ఫోన్లు చార్జింగ్ పెట్టుకున్నాం. మంగళవారం పై ఊరికి వెళ్ళాం, వాక్యం చెప్దామని కరపత్రాలు కూడా పట్టుకెళ్ళా, తీరా అక్కడ ఒక అవ్వకి అరికాల్లో పెద్ద పుండు, ఈగలు వాలుతున్నాయి, అది కడిగి కట్టు కట్టేసరికి ఎండ ఎక్కేసింది, ఊళ్ళో వాళ్ళంతా కొండపోడుకి వెళ్ళిపోయారు. అంత పుండున్నా నొప్పేం లేదు బాబూ అంది అవ్వ. బుధవారం రాత్రి మేము పడుకున్నాక తలుపు కొట్టారు, పక్క ఊళ్ళో ఒకామెకి నొప్పులొచ్చాయి, మోయడానికి మనుషులు చాల్లేదంట. దుప్పటిని వెదురు కర్రకి కట్టి డోలీ చేశారు, ముందు ఇద్దరం వెనక ఇద్దరం. వాన. టార్చి నోట్లో పెట్టుకుని నడిచా. గెడ్డ దాటేటప్పుడు నీళ్ళు మోకాళ్ళ పైకి వచ్చాయి, ఆమె రెండు చేతుల్తో దుప్పటి అంచులు గట్టిగా పట్టుకుంది గానీ ఒక్క మాట మాట్లాడలేదు, వాళ్ళ అత్త మాత్రం డోలీ పక్కనే నడుస్తూ గొడుగు ఆమె మీదే పట్టింది, తను మొత్తం తడిసిపోయింది. రోడ్డు మొదట్లో 108 ఉంది. గురువారం పొద్దున్న బాబు పుట్టాడు, తల్లికి రక్తం కావాలంటే నాది సరిపోయింది, ఇచ్చా. శుక్రవారం మా ఉపవాస ప్రార్థన రోజు, మోకాళ్ళ మీదే నిద్రపోయా, లేచేసరికి సాయంత్రం. శనివారం అంతా సచివాలయంలో ఆధార్ పేర్లు తప్పులున్న వాళ్ళ కోసం ఫారాలు నింపా. ఆదివారం ఆరాధనకి కొద్దిమందే వచ్చారు, ప్రిపేర్ అవ్వలేదు, ఏదో చెప్పా.

రిపోర్ట్‌లో కాలమ్స్ ఇవి అక్కా: సువార్త విన్నవారు, పంచిన కరపత్రాలు, కొత్త ఆత్మలు (అంటే కొత్తగా విశ్వాసంలోకి వచ్చినవాళ్ళు). అన్నీ సున్నాలే వేశా. ఆ రాత్రి నుంచీ మనసు బాగాలేదు. ఇంకోటి, హాస్పిటల్ వరండాలో ఆమె భర్త నా పక్కన కూర్చుని "బాబూ, మరి మేము ఇంక మీ ప్రార్థనకి రావాలా?" అని అడిగాడు. ఏం చెప్పాలో తెలీక నవ్వి ఊరుకున్నా. ఏం చెప్పాల్సింది?
(ఒక తమ్ముడు, అల్లూరి సీతారామరాజు జిల్లా)

జవాబు: తమ్ముడూ, ముందు ఆ అవ్వ సంగతి, ఎందుకంటే అది ఆగదు. అరికాల్లో పుండుండి నొప్పి తెలియట్లేదంటే తేలిగ్గా తీసుకోకూడదు. షుగర్ అవ్వొచ్చు, కుష్ఠు అవ్వొచ్చు, ఇంకేదైనా అవ్వొచ్చు, చూడకుండా నేను చెప్పలేను, కానీ నేను మిషన్ హాస్పిటల్లో నర్సుగా ఉన్నన్నాళ్ళూ స్పర్శ లేని పుండు కనిపిస్తే డాక్టర్‌గారికి చూపించకుండా ఎవర్నీ ఇంటికి పంపనిచ్చేవాళ్ళు కాదు. ఆమెని పీహెచ్‌సీకి తీసుకెళ్ళు, లేదంటే ఆశా కార్యకర్తకి చెప్పు. ఒంటి మీద పాలిపోయిన మచ్చలు, స్పర్శ లేని చోట్లు ఉన్నాయేమో చూస్తారు. కుష్ఠే అయితే మందులు ప్రభుత్వమే ఉచితంగా ఇస్తుంది, రకాన్ని బట్టి ఆరు నెలలు లేదా పన్నెండు నెలలు వాడితే తగ్గిపోతుంది, మందు మొదలుపెట్టాక ఇతరులకి అంటుకోదు కూడా. ఈలోపు కాచి చల్లార్చిన నీళ్ళతో కడిగి శుభ్రమైన గుడ్డ కట్టు, ఆ కాలి మీద ఎక్కువ నడవనివ్వకు, చెప్పులు లేకుండా అస్సలొద్దు.

ఇప్పుడు ఆ భర్త అడిగిన మాట. నీ ఉత్తరం మొత్తంలో నన్ను ఆపేసింది అదే. ఆయన నిన్ను అడిగింది నిజానికి బాకీ గురించి. "నువ్వు మా ఆవిడని మోశావు, రక్తం ఇచ్చావు, మరి మేమెంత కట్టాలి?" అని. దానికి జవాబు సూటిగా చెప్పేయాలి తమ్ముడూ, నవ్వి ఊరుకుంటే ఆ బాకీ ఆయన గుండెల మీద అలాగే ఉండిపోతుంది. మళ్ళీ కలిసినప్పుడు చెప్పు: "అక్కర్లేదన్నా. మీరు రాకపోయినా రేపు మళ్ళీ నొప్పులొస్తే నేనే వస్తా. మీకు రావాలనిపిస్తే రండి, మా ఇల్లు మీకు తెలుసుగా." అంతే. ఇంకో ముక్క కలపొద్దు.

లూకా సువార్త 17వ అధ్యాయం తియ్యి. పదిమంది కుష్ఠరోగులు బాగయ్యారు, ఒక్కడు తిరిగొచ్చాడు, వాడూ సమరయుడే, అంటే యూదులు పరాయివాడిగా చూసేవాడు. మిగతా తొమ్మిదిమంది ఏరీ అని ప్రభువు అడిగాడు, అడిగాడే గానీ వాళ్ళ స్వస్థత వెనక్కి తీసుకోలేదు కదా. వాళ్ళు తిరిగి రారని ఆయనకి ముందే తెలీదంటావా? తెలిసే బాగుచేశాడు. మనం చేసే సేవలో ఈ తొమ్మిదిమందికి చోటు లేకపోతే అది ప్రభువు సేవలా ఉండదు. అన్నం చూపించి కూర్చోబెట్టి, మందు ఇచ్చి వినిపించి, బట్టలిచ్చి చేతులెత్తించి, ఇవన్నీ నేను దగ్గర్నుంచి చూశా, నాకు కడుపు మండిపోతుంది. అలా చేస్తే గాలానికి ఎర గుచ్చినట్టే. తిన్నవాడు మనల్ని నమ్మడు, చూసినవాడు మన దేవుణ్ణి నమ్మడు.

మన గడ్డ మీదే దీనికి పెద్ద ఉదాహరణ ఉంది, యూత్ మీటింగుల్లో దాన్ని సగమే చెప్తారు. ఒంగోలు క్లౌ దొరగారి గురించి వినే ఉంటావు, జాన్ క్లౌ, అమెరికన్ బాప్టిస్టు మిషన్. 1878 జూలై 3న గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు, ఈ అంకె అందరికీ నోటికొచ్చు. దాని ముందు ఏం జరిగిందో ఎవరూ చెప్పరు. 1876 నుంచి 78 దాకా మహా కరువు, దక్షిణాదంతా జనం పిట్టల్లా రాలిపోయారు. క్లౌగారు ప్రభుత్వం దగ్గర బకింగ్‌హామ్ కాలువలో సుమారు మూడున్నర మైళ్ళ తవ్వకం కాంట్రాక్టు తీసుకున్నారు, జనానికి పని దొరికి కూలి డబ్బులతో బతుకుతారని. వేలమంది వచ్చారు. వాళ్ళలో చాలామంది బాప్తిస్మం ఇవ్వమని అడిగారు కూడా. ఆయన ఇవ్వలేదు! కరువు సాయం నడిచినన్నాళ్ళూ, ఏడాది పైనే, బాప్తిస్మాలు ఆపేశారు, అన్నం కోసం వచ్చారన్న మాట పడకూడదని, వచ్చినవాళ్ళ మనసులో కూడా ఆ తికమక ఉండకూడదని. సాయం ఐపోయింది, ఇంక ఇచ్చేదేం లేదు అని చెప్పాక కూడా వచ్చినవాళ్ళే ఆ గుండ్లకమ్మ ఒడ్డున నిలబడ్డవాళ్ళు. ఆ ఏడాది పైన రోజులు ఆయన రిపోర్టుల్లో బాప్తిస్మాల చోట సున్నాలే ఉండి ఉంటాయి కదా తమ్ముడూ. నీకొచ్చిన సున్నాలు వారానివి.

నీ రిపోర్ట్ గురించి: సున్నాలు వేసి పంపడం మంచి పనే చేశావు, కొంతమంది సంతలో కనపడ్డ తలకాయలన్నీ లెక్కేసి రాస్తారు. కానీ కింద ఖాళీ జాగాలో జరిగింది కూడా రాయి, మోసింది, కట్టు కట్టింది, ఫారాలు నింపింది. పైన ఉన్న పెద్దలు చదివి తెలుసుకోవాలి, కాలమ్ లేదని వదిలేస్తే వాళ్ళకెప్పటికీ తెలీదు. (ఈ పేజీ చదివే మిషన్ పెద్దలకి కూడా ఒక విన్నపం, ఆ ఫారంలో ఇంకో గడి కలపండయ్యా, "ఈ వారం ఎవరికి ఏ సాయం చేశావు" అని.)

శుక్రవారం నిద్రపోయినందుకు బాధపడుతున్నావు చూడు, అది నాకు అస్సలు నచ్చలేదు. రాత్రంతా డోలీ మోసి, తెల్లారి రక్తం ఇచ్చి, మర్నాడు ఉపవాసం ఏంటి? రక్తం ఇచ్చాక ఆ రోజూ మర్నాడూ నీళ్ళు బాగా తాగాలి, కడుపునిండా తినాలి, కళ్ళు తిరిగి ఎక్కడైనా పడితే నిన్ను మోయడానికి మళ్ళీ నలుగురు కావాలి. 1 రాజులు 19లో ఏలీయా ప్రవక్త బదరీ చెట్టు కింద పడుకుని నేను చచ్చిపోతా ప్రభువా అన్నప్పుడు దేవదూత వచ్చి ఏం చేశాడు? బోధ చేశాడా? లేపి రొట్టె పెట్టాడు, నీళ్ళిచ్చాడు, ఆయన తిని మళ్ళీ పడుకున్నాడు, దూత రెండోసారి లేపి మళ్ళీ తినమన్నాడు. హోరేబు కొండ, ఆ మెల్లని స్వరం, అవన్నీ ఆ తర్వాతి సంగతులు. నీ శుక్రవారం నిద్ర ఆ చెట్టు కింద నిద్రే అనుకో, ప్రభువు నిన్ను ఏమీ అనలేదు, నువ్వే అనుకుంటున్నావు.

ఒక్క విషయంలో మాత్రం నిన్ను గట్టిగా అడుగుతా. నీ వారంలో నువ్వు వాక్యం చదువుకున్నట్టు ఒక్కచోటా రాయలేదు. ఇతరులకి చెప్పడానికి ప్రిపేర్ అవ్వలేదని బాధపడ్డావు గానీ నీకోసం తెరవలేదని బాధపడలేదు. పొద్దున్నే ఊరు లేవకముందు అరగంట, ఫోన్ ఎక్కడో పెట్టేసి, పుస్తకం బైబిలే పట్టుకుని కూర్చో. ఫోన్‌లో చదువుదామనుకుంటే మెసేజ్ వస్తుంది, చూస్తావు, ఐపోయింది. కీర్తనలతో మొదలుపెట్టు, రోజుకి ఒకటి, నోట్స్ రాయకు, ప్రసంగం పాయింట్లు వెతకకు. పరిచర్య చేసేవాళ్ళు బైబిల్‌ని ప్రసంగాల కోసమే తెరిచే అలవాటులో పడతారు, కొన్నేళ్ళకి లోపల ఎండిపోతారు, బయటికి మాత్రం మైకులో బాగానే వినిపిస్తారు.

ఇంకోటి, ఏజెన్సీలో గర్భిణుల కోసం కాన్పు ముందే వచ్చి ఉండడానికి వసతి గృహాలున్నాయి. మీ చుట్టుపక్కల ఊళ్ళల్లో నెలలు నిండుతున్నవాళ్ళు ఎవరెవరున్నారో ఆశా కార్యకర్తతో కలిసి ఒక లిస్ట్ రాసుకో, తేదీకి వారం పది రోజుల ముందే వాళ్ళని ఒప్పించి దింపితే అర్ధరాత్రి గెడ్డ దాటే అవసరం చాలావరకు తప్పుతుంది. అత్తలతో మాట్లాడు, ఆ ఇళ్ళల్లో నిర్ణయం వాళ్ళదే. ఆ గొడుగు పట్టిన అత్తనే వెంట తీసుకెళ్ళు, నువ్వు చెప్పేదాని కన్నా ఆమె చెప్పేది ఎక్కువ వింటారు.

ప్రశ్న: వదినా, మాకు ఒక్కడే కొడుకు. బీటెక్ అయ్యి హైదరాబాదులో జాబ్ చేస్తూ చేస్తూ, పిలుపు వచ్చిందని ఒక మిషన్‌తో ఒరిస్సా బోర్డర్‌కి వెళ్ళాడు. వాడి నాన్న మాట్లాడట్లేదు. నాకు వారానికి ఒక ఫోన్ వస్తే గొప్ప. నేను విశ్వాసిని కానా, దేవుడికి ఇవ్వడానికి ఏడుస్తున్నానా అని నన్ను నేనే తిట్టుకుంటున్నా.
(ఒక తల్లి, తెనాలి)

జవాబు: ఏడవండి వదినా, ఏడిస్తే విశ్వాసం తగ్గిపోదు. మరియమ్మ గుండెల్లోకి ఖడ్గం దూసుకుపోతుందని సుమెయోను ముందే చెప్పాడు, తల్లికి నొప్పి ఉండదని ఎవరూ చెప్పలేదు.

అన్నయ్యగారి సంగతి కొంచెం టైం ఇవ్వండి. పిలుపు, సమర్పణ అన్న మాటలు ఆయన ముందు ఎక్కువ వాడకండి, కొడుకు ఏం తింటున్నాడో, ఎక్కడ పడుకుంటున్నాడో అవి చెప్పండి, తండ్రి మనసు అటునుంచి కరుగుతుంది. వీలైతే ఒకసారి ఇద్దరూ వెళ్ళి చూసి రండి, రెండు రోజులు ఉండండి.

ఫోన్ విషయంలో వాడితోనే ఒక ఒప్పందానికి రండి, ఏ రోజు ఏ టైంకి అని. నెట్‌వర్క్ లేని ఊళ్ళో ఉంటే ఆ ఒక్క రోజు సిగ్నల్ ఉన్న చోటుకి వస్తాడు. మిగతా రోజులు ఫోన్ రాకపోతే ఏదో ఐపోయిందని అనుకోనక్కర్లేదు అని మీకూ ధీమా ఉంటుంది.

పార్సిల్ పంపేటప్పుడు పచ్చళ్ళతో పాటు దోమతెర, ఓఆర్ఎస్ ప్యాకెట్లు, మంచి టార్చి పెట్టండి. జ్వరం వస్తే పారాసిటమాల్ వేసుకుని ప్రార్థన చేసుకుంటా అంటే ఒప్పుకోవద్దు. ఆ అడవుల్లో వచ్చే మలేరియాల్లో ఒక రకం రెండు మూడు రోజుల్లోనే మెదడుకి ఎక్కుతుంది. జ్వరం వచ్చిన రోజే రక్తపరీక్ష, ఇది నా మాటగా గట్టిగా చెప్పండి, ఒట్టేయించుకోండి.

ప్రశ్న: మా రాజమండ్రిలో తెల్ల చొక్కా, టై, ఛాతీ మీద నల్ల నేమ్‌ట్యాగ్ పెట్టుకుని ఇద్దరిద్దరు కుర్రాళ్ళు నడుచుకుంటూ తిరుగుతుంటారు. వీళ్ళెవరు? మన సంఘస్తులేనా? ఒక పెద్దాయన ఇంటి సామాను మారుస్తుంటే వాళ్ళు టై వెనక్కి వేసుకుని బీరువా పట్టడం చూశా.
(ఒక రీడర్, దానవాయిపేట)

జవాబు: వాళ్ళని చాలామంది మోర్మన్లు అంటారు, సంఘం పేరు యేసుక్రీస్తు యొక్క కడవరి దిన పరిశుద్ధుల సంఘం. అమెరికాలో యూటా వాళ్ళ కేంద్రం. మన దగ్గర కూడా చాలాకాలంగా ఉన్నారు, భారతదేశంలో వాళ్ళ మొదటి స్టేక్, అంటే కొన్ని సంఘాల్ని కలిపిన విభాగం, 2012లో మన హైదరాబాదులోనే ఏర్పడింది. సిద్ధాంతాల్లో మనకీ వాళ్ళకీ పెద్ద తేడాలున్నాయి, దేవుడి గురించి, లేఖనాల గురించి, అవి చిన్నవి కావు, ఒక జవాబులో తేలేవీ కావు, వివరంగా కావాలంటే మీ పాస్టరుగారి దగ్గర కూర్చోండి.

ఐనా వాళ్ళ క్రమశిక్షణ మాత్రం మెచ్చుకోవాలి. 18 ఏళ్ళు దాటిన అబ్బాయిలు రెండేళ్ళు, అమ్మాయిలు ఏడాదిన్నర, ఎక్కడికి పంపితే అక్కడికి వెళ్తారు, జీతం లేదు, ఖర్చు చాలావరకు వాళ్ళో వాళ్ళ కుటుంబమో పెట్టుకోవాలి. ఎప్పుడూ ఒంటరిగా తిరగరు, జత ఉండాల్సిందే. వారంలో ఒకరోజు బట్టలు ఉతుక్కోడానికి, సామాన్లు కొనుక్కోడానికి, ఇంటికి ఉత్తరం రాసుకోడానికి ఇస్తారు. ఇంతకుముందు ఇంటికి ఫోన్ ఏడాదికి రెండుసార్లే, క్రిస్మస్‌కి ఒకటి, మదర్స్ డేకి ఒకటి, 2019 ఫిబ్రవరి నుంచి వారానికోసారి మాట్లాడుకోనిస్తున్నారు. తెనాలి వదినగారు ఇది చదివితే కొంచెం ఊరట అనుకుంటా.

మన మిషన్లలో ఒక్కొక్క పిల్లాణ్ణి ఒక్కొక్క ఊళ్ళో ఒంటరిగా వదిలేస్తున్నాం. మార్కు 6లో ప్రభువు పన్నెండుమందిని ఇద్దరిద్దరిగా పంపాడు, వాళ్ళు తిరిగొచ్చాక భోజనానికి కూడా తీరిక లేకపోతే ఏకాంతంగా వచ్చి కొంచెంసేపు అలసట తీర్చుకోండి అన్నాడు. రెండూ మన బైబిల్లోనే ఉన్నాయి కదా. ఒంటరిగా ఉన్నవాడు జబ్బు పడితే చూసేవాళ్ళుండరు, కుంగిపోతే పసిగట్టేవాళ్ళుండరు, వాడి మీద నింద పడితే సాక్షి ఉండడు. మిషన్ పెద్దలు దీని గురించి నిజంగా ఆలోచించాలి.

ప్రశ్న: మా ఫీల్డ్‌కి సాయం పంపే ఒక బ్రదర్, ప్రతి వారం ఫొటోలు పంపమంటున్నారు. రోగులకి మందులిచ్చేటప్పుడు, పిల్లలకి బట్టలిచ్చేటప్పుడు. ఫొటో లేకపోతే సపోర్ట్ ఆగిపోతుందని భయం.
(ఒక సిస్టర్, భద్రాచలం ఏజెన్సీ)

జవాబు: పంపొద్దమ్మా. బిల్లు పంపు, మందులు కొన్న రసీదు పంపు, ఖర్చు లెక్క పైసాతో సహా రాసి పంపు, అది అడిగే హక్కు ఆయనకుంది. చిరిగిన గౌనుతో ఉన్న పిల్ల మొహం అడిగే హక్కు లేదు. ఆ పిల్ల పెద్దయ్యి పదో క్లాసు పాసయ్యి ఫోన్ కొనుక్కుని ఎక్కడో ఆ ఫొటో చూసుకుంటుంది, అప్పుడు ఎలా ఉంటుందో ఒక్కసారి ఊహించుకో. రోగుల ఫొటోలైతే అసలు మాట్లాడక్కర్లేదు, వాళ్ళ జబ్బు వాళ్ళ సొంత విషయం. కుడిచేయి చేసేది ఎడమచేతికి తెలియొద్దన్న మాట మత్తయి 6లో ఉందిగా, అది మర్యాదగా రాసి పంపు. ఆయన ఆపేస్తే ఆపేయనీ, మీ మిషన్ ఆఫీసుకి విషయం ముందే చెప్పి ఉంచు, నీ తప్పు కాదని వాళ్ళకి తెలిసి ఉండాలి.

ప్రశ్న: అక్కా, మేము బోర్డర్ దాటి కొరాపుట్ వైపు ఊళ్ళకి కూడా వెళ్తుంటాం. సువార్త చెప్పడం నేరమా? ఒకాయన రోడ్డు మీద ఆపి పోలీసులకి చెప్తానన్నాడు. చట్టం ఏమంటుందో సింపుల్‌గా చెప్పండి.
(ఇద్దరు యువకులు, సాలూరు)

జవాబు: నేను లాయర్‌ని కాను, కాబట్టి తెలిసిన ముఖ్యమైనవి చెప్తా, కేసు దాకా వస్తే లాయర్ దగ్గరికి వెళ్ళండి. రాజ్యాంగం 25వ అధికరణ ప్రకారం ఎవరి మతాన్ని వాళ్ళు నమ్మడానికి, ఆచరించడానికి, ప్రచారం చేసుకోడానికి హక్కుంది, ఐతే శాంతిభద్రతలు, నైతికత, ఆరోగ్యం వీటికి లోబడి. 1977లో స్టానిస్లాస్ కేసులో సుప్రీంకోర్టు ఏమందంటే, నీ మతం గురించి వివరించే హక్కు నీకుంది గానీ ఇంకొకణ్ణి మతం మార్పించే హక్కు దాంట్లో లేదు అని. ఆ తీర్పులోనే మధ్యప్రదేశ్, ఒరిస్సా చట్టాలు చెల్లుతాయని చెప్పింది.

ఒరిస్సాలో 1967 నుంచే చట్టముంది. బలవంతం, ప్రలోభం, మోసం, ఈ మూడింట్లో దేనితో మతం మార్పించినా నేరం. మైనర్లు, స్త్రీలు, ఎస్సీ ఎస్టీల విషయంలో శిక్ష రెట్టింపు. బాప్తిస్మం లాంటి కార్యక్రమం ఉంటే జిల్లా కలెక్టర్‌కి ముందే తెలియజేయాలని రూల్స్ కూడా ఉన్నాయి. మీరు తిరిగే ఊళ్ళు దాదాపు అన్నీ గిరిజన ఊళ్ళే, కాబట్టి ఇది బాగా గుర్తుపెట్టుకోండి. ఆంధ్రా, తెలంగాణల్లో అలాంటి ప్రత్యేక చట్టం లేదు, కానీ తిరుమలతో పాటు కొన్ని పుణ్యక్షేత్రాల్లో ఇతర మత ప్రచారం చేయకూడదని 2007లో ప్రభుత్వం ఆదేశాలిచ్చింది. అక్కడికి కరపత్రాలు పట్టుకెళ్ళడం చట్టం సంగతి సరే, ఇంకొకరి పూజ దగ్గరికెళ్ళి గొడవ చేయడం మర్యాద కూడా కాదు.

ఆ ప్రలోభం అనే దగ్గర మళ్ళీ మొదటి తమ్ముడి ఉత్తరం చదవండి. డబ్బు, వస్తువు, లాభం చూపించి మతం మార్పించడాన్నే చట్టం ప్రలోభం అంటోంది. మనం బియ్యం ఇచ్చిన రోజునే ప్రార్థన మీటింగ్ పెడితే మన మనసులో ఏమున్నా చూసేవాడికి అలాగే కనపడుతుంది. సాయం చేసే రోజు సాయమే చెయ్యండి, ఆరాధన రోజు వేరు పెట్టుకోండి. సాయం పుచ్చుకునేవాళ్ళ లిస్టులో ప్రార్థనకి రానివాళ్ళు కూడా ఉండాలి, అప్పుడు ఊరే మీ తరఫున మాట్లాడుతుంది. ప్రార్థన చేశాం ఇంక మందులు మానేయండి అని మాత్రం ఎవరితోనూ ఎప్పుడూ అనొద్దు. ఎవరైనా ఆపి గొడవ పడితే వాదించకండి, వీడియోలు తీయకండి, నమస్కారం పెట్టి వెనక్కి వచ్చేయండి, మర్నాడు ఊరి పెద్దని కలిసి మీరెవరో ఏం చేస్తున్నారో పగటిపూట చెప్పుకోండి.

ప్రశ్న: నేను బ్యాంక్‌లో పనిచేస్తా. ఫుల్‌టైం వెళ్ళలేను, ఇద్దరు చిన్నపిల్లలు. ఏడాదిలో ఒక వారం సెలవు పెట్టి సేవ చేస్తే ఉపయోగమేనా, లేక టూర్ కింద అయిపోతుందా?
(ఒక పాఠకుడు, సికింద్రాబాద్)

జవాబు: మీరడిగిన పని మన తెలుగు నేల మీద ఎప్పుడో జరిగింది తమ్ముడూ. దోర్నకల్ అజరయ్యగారు, వేదనాయకం శామ్యూల్ అజరయ్య, తిరునల్వేలి తమిళాయన, ఇప్పటి మహబూబాబాద్ జిల్లాలో ఉన్న దోర్నకల్‌కి 1909లో మిషనరీగా వచ్చి ఇక్కడి భాష నేర్చుకుని ఇక్కడే ఉండిపోయారు, 1945లో ఇక్కడే కన్నుమూశారు. 1912లో ఆయన బిషప్ అయ్యారు, ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్. ఆయన డయాసిస్‌లో, అంటే బిషప్‌గా ఆయన చూసుకునే సంఘాల్లో, ఏటా ఒక సాక్ష్యపు వారం పెట్టేవారు. పాస్టర్లే కాదు, ఆ వారం మామూలు విశ్వాసులు, ఎక్కువమంది కూలి పని చేసుకునే మాల మాదిగ కుటుంబాల వాళ్ళు, చదువు రానివాళ్ళు, చుట్టుపక్కల ఊళ్ళకి వెళ్ళి తమకి దేవుడేం చేశాడో చెప్పేవారు. బయల్దేరే ముందు ఆయన అందర్నీ ఎవరి చెయ్యి వాళ్ళ తల మీదే పెట్టుకోమని, నేను బాప్తిస్మం పొందిన క్రైస్తవుణ్ణి, సువార్త ప్రకటించకపోతే నాకు శ్రమ అని పలికించేవారని చెప్తారు. ఊరివాళ్ళు వాళ్ళ ప్రసంగాల కన్నా వాళ్ళ బతుకులే చూశారు, తాగుడు మానేసినవాడు, పిల్లల్ని బడికి పంపుతున్నవాడు పక్క ఊళ్ళోనే ఉన్నాడు కదా, వెళ్ళి చూడొచ్చు.

కాబట్టి ఒక వారం చిన్నదేం కాదు. కానీ ఆయన ఇంకో మాట కూడా అన్నారు, 1910లో ఎడింబరోలో ప్రపంచ మిషనరీల మహాసభలో, దొరల ముందు నిలబడి. మీరు బీదలకి మీ ఆస్తి ఇచ్చారు, మీ శరీరాలు కాల్చబడడానికి ఇచ్చారు, మాకు ప్రేమ కూడా కావాలి, మాకు స్నేహితుల్ని ఇవ్వండి అని. అప్పటికి ఆయనకి 35 ఏళ్ళే. ఆ సభలో కొంతమందికి కోపం కూడా వచ్చిందంటారు. నేనైతే ఆ మాట పట్టణాల నుంచి పల్లెలకి వెళ్ళే మన టీముల ముందు ఇప్పుడు కూడా చదవాలంటా. వ్యాన్‌లో ఇరవైమంది దిగుతారు, మైకు సెట్టు, బ్యానర్, దుప్పట్లు పంచుతారు, గ్రూప్ ఫొటో, సాయంత్రానికి వెళ్ళిపోతారు, మర్నాడు ఆ ఊళ్ళో ఉండే సేవకుడు ఆ గొడవంతా సర్దుకుంటూ తిరుగుతాడు.

మీరలా వెళ్ళకండి. ప్రతి ఏడాదీ ఒకే ఊరికి వెళ్ళండి. రెండో ఏడాదికి పేర్లు గుర్తుంటాయి, మూడో ఏడాదికి మీరు వస్తున్నారని వాళ్ళు ఎదురుచూస్తారు. వెళ్ళే ముందు నెల అక్కడున్న సేవకుడికి ఫోన్ చేసి, నేనేం చేయాలనుకుంటున్నానో చెప్పడం కాకుండా మీకేం కావాలి అని అడగండి. మీరు బ్యాంక్ మనిషి కాబట్టి ఒకటి నేనే చెప్పేస్తా, ఏజెన్సీలో పెన్షన్ డబ్బులు, ఉపాధి కూలి డబ్బులు ఖాతాల్లో పడ్డాయో లేదో తెలీక ముసలివాళ్ళు రోజంతా నడిచి బ్యాంకుకొచ్చి ఖాళీగా వెళ్ళిపోతుంటారు, కేవైసీ లేక ఖాతాలు ఆగిపోయినవాళ్ళు ఎంతోమంది. ఒక టేబుల్ వేసుకుని కూర్చుని అవి సరిచేసి పెట్టండి, క్రైస్తవులకీ, కానివాళ్ళకీ. మీ పిల్లల్ని కూడా తీసుకెళ్ళండి, అక్కడి పిల్లలతో ఆడుకుంటారు. సెలవు దసరాకి పెడుతున్నట్టైతే వానలు అప్పటికీ పూర్తిగా తగ్గవు, గొడుగులూ దోమతెరలూ మర్చిపోకండి, ఆ వారం మీ తిండి ఖర్చు సేవకుడి ఇంటి మీద పడకుండా బియ్యం పప్పు మీరే పట్టుకెళ్ళండి.